ఐదున్నర గంటల తేడా

రాజోలులో ఎరువుల కొట్టు మీద గది నాది.
యూరియా వాసన అడక్కుండానే మెట్లెక్కి వస్తుంది,
కరెంటు తనకు తోచినప్పుడు వస్తుంది.

సూరప్పలంక రేవు పాట పాడుకున్న
ముదునూరి నరసరాజు గారు
చీటీల పుస్తకాలు మానేసి
ఫోన్లో టిక్కెట్టు కొట్టిద్దామన్నారు.
అడ్వాన్సు ఐదు వేలు, ఒక చక్కెరకేళీ గెల.
నా పనికంటే గెలే ముందు పండింది.

ఫ్రేమ్‌వర్క్ దింపుకున్నాను.
నీ పిహెచ్‌పి పాతది, పనికిరాదంది.
కొత్తది వేశాను.
ఏదో ఎక్స్‌టెన్షన్ లేదంది. అదీ తెచ్చాను.
విడిదింట్లో మగపెళ్ళివారిలా
ఒకటి అందిస్తే ఇంకోటి ఏదీ అంటుంది.

చుక్కతో మొదలయ్యే ఫైలొకటుంది.
ఆ చుక్క పుణ్యాన ఎవరికీ కనిపించదు,
జాబితా చదివితే పలకదు.
ఇంటి గుట్టంతా దాన్లోనే:
డేటాబేసు ఉండే చోటు, దాని పాస్‌వర్డు,
ఇంకా ఒక తాళంచెవి.
ఆ చెవి నేను చెక్కింది కాదు,
ఒక్క ఆజ్ఞ ఇస్తే అదే పుట్టించుకుంది
నలభై నాలుగు అక్షరాలు,
ఏ నోటా పలకని మంత్రం.

లాగులు రాసుకునే ఫోల్డరుకి
రాసే హక్కు ఇవ్వడం మరిచాను.
తెల్లటి పేజీ వచ్చింది.
ఏం తప్పు జరిగిందో చెప్పుకోడానికి కూడా
దానికి చోటు లేదు.
అలాంటి మనుషుల్ని ఒకరిద్దర్ని ఎరుగుదును.

మొదటి పంటు తెల్లారుజామున ఐదున్నరకి.
వశిష్ఠ మీద మంచు ఇంకా లేవలేదు.
పాలక్యాన్లు, రెండు మోటార్ సైకిళ్ళు,
గునపాలు భుజాన వేసుకుని
కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు నలుగురు.
మంగాదేవి ఫోన్ నొక్కింది.
ఆమె నడుముకి కట్టిన బుల్లి మిషను
కీచుమంటూ కాగితం కక్కింది.
ఒక మనిషి. పది రూపాయలు.
సమయం, రాత్రి పన్నెండు గంటలు.

సరంగు సంగాడి లోవరాజు
చీటీని దీపం కిందికి తీసుకెళ్ళి చదివాడు.
"ఆయ్, అమ్మాయిగారూ,
అర్ధరాత్రి పంటు నేనెప్పుడు నడిపేనండి?
ఆ వేళప్పుడు దాటేవోళ్ళు
టిక్కెట్టు తీసుకోరు కదండీ!"
ఒలుపుడు వాళ్ళెవరూ నవ్వలేదు.
ఒకతను చీటీ తిరిగి ఇచ్చేశాడు.

టైంజోను.
మనం ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పకపోతే
అది ఎక్కడో లండన్ పక్క
సున్నా గీత మీద కూర్చుని గడియారం చూస్తుంది.
నేను చెప్పలేదు.
ఒడ్డున తిరగేసిన నావ మీద ల్యాప్‌టాప్ పెట్టి
ఆసియా, ఒక ఏటవాలు గీత, కోల్‌కతా అని రాశాను.
మళ్ళీ అర్ధరాత్రే.
పాత సెట్టింగులు క్యాషులో దాచుకుని
అవే వల్లిస్తోంది.
క్యాషు తుడిచాను.
ఐదు నలభై ఏడు. హమ్మయ్య.

ఆ కంగారులో డీబగ్ తెరిచే వదిలేశాను.
ఇంకేదో తప్పు దొర్లి
మంగాదేవి ఫోన్లో ఎర్ర పేజీ విచ్చుకుంది,
నా పాస్‌వర్డుతో సహా.
ఆమె కూడబలుక్కుని పైకే చదివింది:
"పులసపులుసు...
ఇప్పుడు పులసల కాలం కాదు కదండీ?"
పంటు మొత్తానికి తెలిసిపోయింది.
డీబగ్ మూసేశాను. పాస్‌వర్డు మార్చాను.
కొత్తది ఇక్కడ చెప్పను.

"అంతా బానే ఉందండి," అన్నాడు లోవరాజు
పగ్గం విప్పుతూ.
"మరి పోటూ పాటూ ఎక్కడ రాసేరండి?"
నేను ఐదున్నర అని రాశాను, రోజూ ఐదున్నరే.
"రేపు ఈ వేళకి పాటు.
తిన్నె మీద కూచుండిపోద్దండి పంటు.
ఏడు దాటాకే ఏదైనా."
ఎలా తెలుసు అని అడిగితే
నీళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు,
పాపం అన్నట్టు.

కాన్ఫిగ్ ఫైళ్ళన్నీ వెతికాను ఆ రాత్రి.
భాషకి వరుస ఉంది, కరెన్సీకి ఉంది,
క్యూలకి, కుకీలకి, మెయిళ్ళకి ఉంది.
నదికి లేదు.

చివరికి చుక్క ఫైలు అడుగున
నేనే ఒక వరుస చేర్చాను.
పంటు వేళ, సమానం గుర్తు,
తర్వాత లోవరాజు ఫోన్ నంబరు.
ప్రోగ్రాముకి అది అర్థం కాదు.
రోజూ సాయంత్రం నేనే చూసి
నేనే చేయాలి.

ఇవాళ రెండుసార్లు చేశాను.
ఇంజను మోతలో వినపడినట్టు లేదు.